వంటగట్టు మీద గంగాధరరావు

గర్ర్... గర్ర్... గోడ అవతల రాయి మీద రాయి. నాచారం ఫ్యాక్టరీల హోరులో కూడా ఆ చప్పుడు విడిగా వినిపించింది, మధ్యాహ్నాన్ని ఎవరో తీరిగ్గా నములుతున్నట్టు. గోడ మీంచి తొంగిచూశాను. పక్కింటి ఐలమ్మ, కొంగు నడుముకు చుట్టి, ఒక మగవాడి మీసం అరగదీస్తోంది.

మీసం గంగాధరరావుది. మా వార్డులో కార్పొరేటర్‌గా నిలబడి ఓడిపోయినాయన. నేను ఊళ్లో లేని రోజుల్లో ఆయన అక్కడికెలా వచ్చాడో, చేతిలో రాయి ఆపకుండానే చెప్పింది.

ఐలమ్మది జనగామ దిక్కు పల్లె. భర్త పెంటయ్య తాపీమేస్త్రీ. ఉప్పల్ నుంచి దమ్మాయిగూడ దాకా లేచిన ఇళ్లలో సగం ఆమె నెత్తి మీదుగానే పైకెక్కాయి. ఈ పనిలో ఆడవాళ్లు తట్ట మోస్తారు, మగవాళ్లు తాపీ పడతారు. ఎందుకని అడిగితే పెంటయ్య మబ్బుల వైపు చూసేవాడు, జవాబు అక్కడ ఆరేసినట్టు. అందరికీ వంటగట్లు కట్టిన మనిషి, తన ఇంటి సంగతొస్తే "వచ్చే స్లాబు పడంగనే గ్రానైటు ఏపిస్త" అంటూ ఏళ్లు గడిపాడు. కింద కూర్చుని వండీ వండీ ఐలమ్మ మోకాళ్లు మొండికేశాయి.

"నీ గ్రానైటొద్దు, నీ ముచ్చటొద్దు. నేనే పోసుకుంట."

"నువ్వు పోస్తే గట్టు గాదే, గుట్టయితది," అన్నాడు పెంటయ్య.

అతను పనికి పోగానే వాకిట్లో చెక్కలతో చట్రం బిగించింది. పైముఖం నున్నగా రావాలంటే బండను బోర్లా పోసి, గట్టిపడ్డాక తిరగేయాలి. అడుగున పరచడానికి స్తంభానికి వేలాడుతున్న ఎలక్షన్ ఫ్లెక్సీ కోసుకొచ్చింది. బొమ్మ వైపు నున్నగా ఉందని అదే పైకి పెట్టింది. సన్న చువ్వలు అల్లి, కాంక్రీటు నింపి, బుడగలు పోయేలా చట్రాన్ని సుత్తితో తట్టి, పెంటయ్య పాత తాపీతో చదును చేసింది. తడి గోనెసంచులు కప్పి, పసిబిడ్డకు పోసినట్టు రోజూ నీళ్లు పోసింది.

చివరికి గల్లీవాళ్లు నలుగురు పట్టి తిరగేశారు. ఐలమ్మ ఫ్లెక్సీ ఒలిచింది; బొమ్మలోని రంగు కాంక్రీటుకు అంటుకుపోయింది. బూడిదరంగు తెల్లవారుజాములోంచి గంగాధరరావు, రంగు వెలిసి, పాపిడి అటుదిటై, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ లేచాడు.

పెంటయ్య పొట్ట పట్టుకుని నవ్వి ఊరందరికీ చెప్పాడు. కబురంది గంగాధరరావే వచ్చాడు. తన మొహం చూసుకుని కళ్లు తడి చేసుకున్నాడు.

"అక్కా, ఒక్క ఓటరు గుండెల గూడ నేనిట్ల దిగలే. ఈ బండ నాకియ్యి, ఆఫీసుల పెట్టుకుంట. నీకు నల్ల గ్రానైటు ఏపిస్త."

"ఇచ్చెయ్యే!" పెంటయ్య ఎగిరి గంతేశాడు. "ఫుకట్ల గ్రానైటు!"

ఐలమ్మ బండ పొడవునా అరచెయ్యి జరిపింది. ఎక్కడా ఎత్తుపల్లం తగల్లేదు.

"గిన్నేండ్లు మంది ఇండ్లకు మోసిన. ఇది నాకు పోసుకున్న. ఇయ్య."

"కనీసం నవ్వన్న ఉంచక్కా."

ఆమె చెంబెడు నీళ్లు కుమ్మరించి, మొజాయిక్ అరగదీసే రాయి అందుకుని, ముందు నవ్వు మీదే మొదలుపెట్టింది. నేను గోడ మీంచి తొంగిచూసేసరికి మీసం దాకా వచ్చింది.

సాయంత్రానికి గంగాధరరావు తెల్లటి నీళ్లై కాలువలో కలిసిపోయాడు. మర్నాడు సన్న బెజ్జాల్లో సిమెంటు పాలు నింపి, మళ్లీ రుద్ది, ఆరాక కొవ్వొత్తులు కరిగించి గుడ్డతో మెరుగు పట్టించింది. బండ వాన వెలిసిన ఆకాశంలా తేలింది. ఎవరూ అడగకుండానే పెంటయ్య రెండు ఇటుక గోడలు లేపాడు, దాన్ని నిలబెట్టడానికి. అతనికి అంతకన్నా పెద్ద పొగడ్త రాదు.

చూసి పొమ్మని పిలిస్తే వెళ్లాను. ఐలమ్మ నిలబడి వండుతోంది. ఆ చల్లటి నునుపు మీద రెండు మోచేతులూ ఆనించి మైమరిచిపోయాను.

"జర చేతులు తియ్యి తమ్మీ, చాయ దించాలె. ఇది అసెంబ్లీ బల్ల గాదు, ఆనుకొని పండనీకి."