సిపాయి రిటైర్ కాలేదు

ఖమ్మంలో మేముండే వీధిలో ఎవరో తమ కుక్కకి ఇత్తడి గంట కట్టారు. సాయంత్రం దాన్ని తిప్పడానికి తీసుకుపోతుంటే ఆ చప్పుడు మా మెట్ల దాకా వస్తుంది. వినగానే చేతిలో పని ఆగిపోతుంది. మణుగూరు కాలనీ, బొగ్గుల పొయ్యి వాసన, వసారాలో గోనెసంచి మీద పడుకున్న మా కుక్క సిపాయి, గొడుగుతో గేటు నెట్టుకొచ్చే రూతమ్మత్త, అన్నీ గుర్తొస్తాయి. నాకు ఉద్యోగం చేయడం నేర్పిన మనిషి గురించి రాద్దామని కూర్చుంటే ముందు రెండు కుక్కలు వచ్చి నిలబడ్డాయి. తప్పదు, ఆమె నాకు ఆ పాఠం చెప్పింది వాటి దగ్గరే.

రూతమ్మత్త మా కాలనీ దవాఖానాలో హెడ్ నర్సు. రెండువేల తొలినాళ్లలో నేను ఆమె కింద నర్సుగా కొత్తగా చేరాను. ఉండేది మా పక్క క్వార్టరులోనే. మా నాన్నని అన్నా అని పిలిచేది కాబట్టి ఇంటి దగ్గర నాకు అత్త, దవాఖానాలో సిస్టర్. పొరపాటున వార్డులో అత్తా అన్నానో, ఆ రోజు నా పని అయిపోయినట్టే. భారీ మనిషి. ఆమె వస్తుంటే ముందు కీర్తన వినపడేది, తర్వాత గంజిపెట్టిన తెల్లచీర కనపడేది. డాక్టర్లు కూడా ఆ గొంతు వినగానే కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవారు. తనంటే అందరికీ భయమని ఆమెకి తెలుసు. అందుకు ఆమెకి రవ్వంత బాధ కూడా లేదు.

మా నాన్న వయసంతా బొగ్గుబాయిలో దిగిన మనిషి. ఊపిరి సరిగా ఆడక అన్‌ఫిట్ అయ్యాడు. ఆ ఉద్యోగం మా తమ్ముడు ప్రభాకర్‌కి వచ్చింది. బొగ్గు ఊళ్లలో ఇది మామూలే. తండ్రికి శాలువా కప్పి, దండ వేసి, ఇంటిదాకా సాగనంపుతారు. కొన్నాళ్లకి కొడుకు అదే బాయి గేటులోంచి డ్యూటీకి పోతాడు. అమ్మ అప్పటికే లేదు. నాన్నకి మిగిలిన తోడల్లా సిపాయి. ముసలి కుక్క, మూతి తెల్లబడింది, వెనక కాలు ఈడ్చేది. మెడలో తోలు బెల్టు, దానికో ఇత్తడి గంట. నాన్న డ్యూటీ దిగి వచ్చే వేళకి గంట మోగించుకుంటూ పోయి మా ఇంటి గేటు దగ్గర నిలబడటం దాని పని. నాన్న బాయికి పోవడం మానేశాక కూడా అది ఆ వేళకి పోయి నిలబడేది.

ఒకసారి టీకాలు వేయడానికి అడవి పల్లెలకి వెళితే, ఓ ఇంటావిడ ప్రేమగా నా సంచిలో కుక్కపిల్లని పెట్టి పంపింది. బుడ్డోడు అని పేరు పెట్టాం. ఒక్కచోట నిలిస్తే ఒట్టు. చెప్పులు, చీపురు, నా యూనిఫాం కొంగు, వాడి పంటికి తగలని వస్తువు లేదు. ప్రభాకర్‌కి వాడంటే తెగ ముద్దు. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే స్నేహితుల్ని పోగేసి ఓ తమాషా చేశాడు. సిపాయికి రిటైర్మెంటు సన్మానమట. బంతిపూల దండ వేసి, పాత తువ్వాలు శాలువాలా కప్పి, ఉపన్యాసం కూడా ఇచ్చాడు. చివరికి దాని మెడలోంచి బెల్టు తీసి బుడ్డోడికి కట్టి, ఇక డ్యూటీ వీడిదన్నాడు. అందరం పగలబడి నవ్వాం. నాన్న కూడా నవ్వాడు. బుడ్డోడు గంట మోగించుకుంటూ సిపాయి గోనెసంచి మీద గంతులేసి, సిపాయి పళ్లెంలో మూతి పెట్టాడు.

ఆ సాయంత్రం నుంచి సిపాయి ఇంట్లోకి రాలేదు. గేటు బయట కాలువ పక్కన పడుకుంది. అన్నం పెడితే వాసన చూసి తల తిప్పుకునేది. పిల్లని దగ్గరికి తీసుకెళ్తే పళ్లు చూపించేది. జ్వరమేమోనని చూశాను, లేదు. చూస్తుండగానే డొక్కలు తేలాయి. దానితోపాటు నాన్న కూడా కంచం ముందు నుంచి ఊరికే లేచిపోవడం మొదలుపెట్టాడు. ఒక పూట నా మొహం చూడకుండానే అన్నాడు.

"ఈ పిల్లను ఆ ఊర్లనే ఇడిచిపెట్టి రా బిడ్డా. సిపాయి పోతే నేను చూడలేను."

అప్పటికి బుడ్డోడు నా మంచం కిందే పడుకుంటున్నాడు. వాడిని వదిలిరావడానికి మనసొప్పలేదు. సిపాయి పోతే నాన్న ఏమవుతాడో తలుచుకోవడానికే భయమేసింది.

మర్నాడు వార్డులో రూతమ్మత్త నా మొహం చూసి పట్టేసింది. సంగతంతా కక్కించింది. సన్మానం ముచ్చట దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు పోయింది. డ్యూటీ దిగి తన ఇంటికి కూడా పోకుండా నేరుగా మా గేటు నెట్టుకొచ్చి, ప్రభాకర్‌ని వసారాలో నిలబెట్టింది.

"ఏందిరా, కొత్తోడు వచ్చిండని పాతోని గంట గుంజుకుంటరా? దాన్ని అడిగినవా? మీ నాయినను ఎవరన్న అడిగిన్రా?"

ప్రభాకర్ తల దించుకున్నాడు. ఆమె బుడ్డోడి మెడలోంచి బెల్టు విప్పి, కుర్చీలో ఉన్న నాన్న చేతిలో పెట్టి, "నువ్వే కట్టన్నా. వేరేటోళ్లు కడితే లెక్కకు రాదు" అంది. నాన్న లేచి గేటు బయటికి వెళ్లి, కాలువ పక్కన గొంతుక్కూర్చుని కట్టాడు. సిపాయి ఆయన మణికట్టు నాకింది. ఆ పూట నాలుగు ముద్దలు తిన్నది.

అక్కడి నుంచి రూతమ్మత్త మా ఇంటిని వార్డులా నడిపింది. రోజూ ముందుగా ప్రభాకర్ బుడ్డోడిని స్కూలు గ్రౌండులో అలిసిపోయేదాకా ఉరికించాలి. అది ప్రభాకర్‌కి శిక్ష. తర్వాత నాన్న సిపాయిని, నేను బుడ్డోడిని పట్టుకుని కాలనీ అవతల టేకుచెట్ల దారిలో నడవాలి. ఎదురెదురుగా తేకూడదు, పక్కపక్కన నడపాలి, నడుమ బండి పట్టేంత జాగా వదలాలి. ఆ దారి ఏ కుక్క సొంతమూ కాదు కాబట్టి అక్కడ తగువు రాదని ఆమె ధీమా. నడిచేకొద్దీ ఆ జాగా తగ్గించుకుంటూ వచ్చాం. ఇంటికి రాగానే గేటులోంచి ముందు సిపాయి, తర్వాతే బుడ్డోడు. పళ్లేలు వేరు, ముందు పెట్టేది సిపాయికి, ముందు పిలిచేది సిపాయిని. నాన్నకి ఆయాసం, సిపాయికి కాలు, ఇద్దరూ ఆగి ఆగి నడిచేవాళ్లు. ఒకరోజు నడక నుంచి వస్తూనే నాన్న ఆకలిగా ఉందని అడిగాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

రెండింటినీ ఇంట్లో మొదటిసారి తాళ్లు లేకుండా వదిలినప్పుడు, బుడ్డోడు వెళ్లి సిపాయి చెవి పట్టుకుని లాగాడు. సిపాయి గుర్రుమంది. ప్రభాకర్ దాని మీదికి చెయ్యెత్తాడు. రూతమ్మత్త ఆ చెయ్యి గాలిలోనే పట్టుకుంది.

"కొట్టకు. పెద్దది చెప్తది, చిన్నోడు ఇంటడు. నడుమ నువ్వెందుకు?"

సిపాయి ఇంకోసారి గుర్రుమంది. బుడ్డోడు చెవి వదిలేసి వెల్లకిలా పడి పొట్ట చూపించాడు. సిపాయి వాడిని తాపీగా వాసన చూసి, తన పళ్లెం దగ్గరికి పోయి అన్నమంతా తిన్నది. చలికాలం వచ్చేసరికి రెండూ ఒకే గోనెసంచి మీద పడుకున్నాయి. ప్రభాకర్ డ్యూటీ దిగి వచ్చే వేళకి గేటు దగ్గర సిపాయి ముందు నిలబడేది, బుడ్డోడు దాని వెనక.

ఆ తర్వాత సిపాయి చాన్నాళ్లే బతికి, నాన్న కాళ్ల దగ్గరే పోయింది. అప్పుడు నాన్న తన చేతులతోనే బెల్టు విప్పి బుడ్డోడికి కట్టాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

రూతమ్మత్త రిటైరయ్యేనాటికి ఆమె హెడ్ నర్సు కుర్చీ నాకిచ్చారు. దండలయ్యాయి, శాలువాలయ్యాయి. ఆమె వార్డు తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. ఫొటో కోసం ఎవరో నన్ను ఆ కుర్చీ వైపు లాగారు. నేను కూర్చోలేదు. గుత్తి తీసి ఆమె చేతిలోనే పెట్టి, "సిస్టర్, ఇయ్యాల రౌండు మిగిలింది. మీరు నడవండి, మీ వెనక నేనొస్త" అన్నాను. ఆమె ప్రతి మంచం దగ్గరా ఆగి, ఇక నుంచి ఈమె చూస్తుందని నన్ను చూపించింది. ఆఖరి మంచం దగ్గర తాళాలు నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"నన్ను సిపాయిని చేసినవ్ గదనే పిల్లా" అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వార్డులో నిలబడి నేను మొదటిసారి కావాలనే అత్తా అన్నాను. ఆ ఒక్కసారికి ఏమీ అనలేదు.

ఇప్పుడు ఖమ్మం దవాఖానాకి మారాను. ఇక్కడ నా వార్డుకి కొత్త నర్సు పిల్లలు వస్తుంటారు, బుడ్డోడిలాగే గంతులేసుకుంటూ. వాళ్లకి నేను వార్డు చూపించను. అందరికంటే పాత నర్సుని పేరు పెట్టి పిలిచి, ఆమె వెనక నడవమంటాను. ఇంకొన్నాళ్లకి నా వంతు కూడా వస్తుంది. రానీ. నా తాళాలు ఎవరూ తీసుకోనక్కర్లేదు, నా చేత్తో నేనే ఇస్తాను.