చేట చాటున పడిన పదిహేడు

కాస్త ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే మాట కాదిది. ఆరేళ్లుగా గుండెల మీద మోస్తున్నాను. అన్నం వారుస్తున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. నేను ఐదో తరగతితో ఆగిపోయిన మనిషిని. కానీ ఒకసారి విన్నది, చూసింది మరిచిపోను. ఆ గుణమే నాకు ఊపిరాడనివ్వడం లేదు.

మాది బొబ్బిలి. ముందు మా ఆయన కిరాణా కొట్టు, వెనక ఇల్లు. మధ్య తలుపు దాటి నేను కొట్టులోకి వెళ్లే అలవాటు లేదు. రోజంతా ఆ తలుపు అవతల మనుషుల గొంతులు వినబడుతూనే ఉంటాయి. ఇవతల నేనొక్కదాన్నే.

ఆ యేడు మా ఆడపడుచు రవణ మోకాలి దగ్గర ఎముక విరిగి మా ఇంటికొచ్చింది. విజయనగరంలో బస్సు కండక్టరు తను. ఒంటరి మనిషి, చేసిపెట్టేవాళ్లు లేరు. మంచం మీద నుంచే ఇల్లంతా బస్సు చేసేసింది. "ముందుకి జరుగన్నయ్యా, లోపల బోలెడు సోటుంది" అని మా ఆయన్ని అదిలించేది. పెళ్లయ్యాక నేను అంతలా నవ్వింది అప్పుడే.

ఎచ్చెర్లలో చదువుకుంటున్న మా అమ్మాయి పావని ఆదివారాలు వచ్చేది. ఒకసారి స్నేహితుల దగ్గర నేర్చుకున్న ఆట తెచ్చింది. చుట్టూ కూర్చుని ఆడే కథ అది. ఒక్కొక్కరు ఒక్కో వేషం అనుకుని, ఏం చేస్తామో నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపే పని నాకప్పగించారు. నడిపేవాళ్లు కొన్ని పాచికలు చాటున వేసి అంకె చెప్పాలట. నేను చేట అడ్డం పెట్టుకునేదాన్ని.

రవణ వేషం పేరు గంగ. నాగావళిలో పడవ నడిపే మనిషి. ఓ మధ్యాహ్నం దొంగలతో కొట్లాటలో గంగ కాలు విరిగింది. అక్కడ మొదలైంది గొడవ.

"ఒక రాత్రి పడుకుంటే నయమైపోతాదమ్మా. రూలు అదే," అంది పావని.

"అది కాలా, సైకిలు ట్యూబా? రాత్రి అతికించేసి పొద్దున్న గాలి కొట్టేడానికి? మీ అత్తని సూడు, ఎన్నాళ్లయిందో," అన్నాను.

"దెబ్బ తగిలినోళ్లందర్నీ మంచమెక్కిస్తే ఇంక ఆటేటి? ఆస్పత్రవుతాది."

"నాను సెప్పే కథలో ఎముకంటే ఎముకే."

రవణ పడీ పడీ నవ్వింది. "వదిన సెప్పిందే బాగున్నాది. గంగ కూడా నాలాగే కుంటనీ."

చివరికి వారానికొకసారి నేను చేట చాటున పాచిక వేసేట్టు, పదికి పైన పడితే గంగ లేచి నడిచేట్టు ఒప్పుకున్నాం. రవణ పాచికను కళ్లకద్దుకుంది. "గంగ లేసిన్రోజే నానూ కర్ర వదిలేస్తాను వదినా. అందాకా ఈ మోకాలు వంసను, ఒట్టు."

అప్పటికి కట్టు విప్పి వారమైంది. రోజూ మోకాలు వంచమని డాక్టరు మరీ మరీ చెప్పారు. వంచితే ప్రాణం పోయే నొప్పి. ఆ నొప్పికి జడిసే రవణ ఆ ఒట్టు పెట్టుకుందని నాకు తెలుసు. అది తప్పని నేను చెప్పలేదు.

మొదటి ఆదివారం ఐదు పడింది. నిజంగానే ఐదు. రెండో ఆదివారం పదిహేడు.

చేట అవతల రవణ మెడ చాచి నా ముఖమే చూస్తోంది. "ఆరు," అన్నాను.

ఎందుకన్నాను? కథ నిజంగా ఉండాలనా? ఎముక అంత తొందరగా అతకదని వాదించాను కాబట్టా? ఇన్నేళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. గంగ లేస్తే రవణ లేస్తుంది, రవణ లేస్తే విజయనగరం బస్సెక్కుతుంది, నేను మళ్లీ ఆ తలుపు ఇవతల గొంతులు వింటూ ఒక్కదాన్నే కూర్చోవాలి. అంతే. మూడో వారం పదమూడు పడింది, నాలుగన్నాను. నాలుగో వారం రెండు పడితే రెండే అన్నాను. ఆ పూట ఎంత హాయిగా అన్నం తిన్నానో! ఐదో వారం ఇరవై. తొమ్మిదన్నాను.

ఆరో వారం ఆ కాలు బిగుసుకుపోవడం చూసి భయమేసింది. పాచిక కిందపడకముందే "గంగ లేచింది" అన్నాను. రవణ చప్పట్లు కొట్టి, కర్ర అవతల పారేసి, మంచం అంచున కూర్చుని కాలు వంచబోయింది. సగం కూడా రాలేదు. కేక పెట్టింది.

చాలా ఆలస్యం చేశారన్నారు డాక్టరు. ఏడాది తంటాలు పడినా ఆ మోకాలు పూర్తిగా వంగలేదు. బస్సు మెట్టు ఎత్తు. ఇప్పుడు రవణకు బస్టాండులో ఊచల కిటికీ వెనక కుర్చీ పని. బస్సులు ఎప్పుడొస్తాయో జనానికి చెబుతూ కూర్చుంటుంది.

మొన్న వచ్చినప్పుడు కాలు చాపుకుని అంది. "నా రాత వదినా. ఆ పాసిక ఒక్కపాలి పడి ఉంటే ఎంత బాగుణ్ణు!"

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెబితే ఇంక మా గుమ్మం తొక్కదు. అప్పుడు అబద్ధం ఆడింది ఏ భయంతోనో, ఇప్పుడు నోరు కుట్టుకున్నదీ ఆ భయంతోనే. మరి నేను మారిందేమిటి?

ఆమెకు చెప్పగలనా? తెలియదు. మీకు చెప్పాను. పదిహేడు, పదమూడు, ఇరవై. ఈ మూడు అంకెలు బయటి మనిషి చెవిన పడడం ఇదే మొదలు. తప్పు తప్పుగానే ఉంది. మోసే బరువు మాత్రం కాస్త తగ్గింది.

ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో అందరి కాళ్లూ పదిలంగా ఉండాలి. బయల్దేరిన వాళ్లను నవ్వుతూ సాగనంపే మనసు మీ గడపకెప్పుడూ ఉండాలి.