కానియో చివరి పీపా

ఇటలీలోని బరీలే ఊళ్ళో ఇంకొరొనాతాకు రెండు పేర్లున్నాయి. మొగుడు పోయాక ఒంటిచేత్తో ద్రాక్షతోట నిలబెట్టిన గట్టిమనిషి అని ఒకటి. వట్టి వెర్రిబాగులది అని రెండోది. ఈ రెండో పేరు సంగతి ఊళ్ళో మగవాళ్ళందరికీ తెలుసు, తెలియంది ఆవిడకే.

చల్లారిన అగ్నిపర్వతం కింది నల్లమట్టిలో పండే అల్యానికో ద్రాక్ష ఓపికలేనివాళ్ళకు పనికిరాదు. లేత వైన్ నాలుక పట్టేసేంత వగరు. అది మెత్తబడాలంటే ఏళ్ళు కావాలి. ఆవిడ మొగుడు కానియో తన చేత్తో నింపిన చివరి పీపాను చూపించి, "పదేళ్ళు దీని జోలికి రాకు. గ్లాసులో పోస్తే వైన్ అంచున పాత ఇంటిపెంకు రంగు తిరిగాక తాగు. అప్పుడైనా నన్ను తిట్టకుండా తాగుతావు," అన్నాడు. ఆ చలికాలమే పోయాడు.

పీపా కొండను తొలిచిన గుహలో ఉంది. ఆడది అడుగు పెడితే గుహలో వైన్ పులిసిపోతుందని అక్కడి మగవాళ్ళ నమ్మకం. ఆడవాళ్ళు తవ్విన మట్టికీ, కోసిన గుత్తులకూ మాత్రం ఏ దోషమూ లేదట! అందుకే తాళంచెవి మరిది సావినో దగ్గర ఉండేది.

నెలనెలా వచ్చేవాడు. "చెక్క తాగేస్తోంది వదినా. పైన గాలి చేరితే మొత్తం పాడవుతుంది."

"మీ అన్న పీపా కదా, దాహం ఎక్కువే ఉంటుంది," అని నవ్వి, పీపాలో వెలితి పూడ్చడానికి ఇంట్లో ఉన్న తన లేత వైన్ పెద్ద గాజు బుడ్డి నిండా పోసి ఇచ్చేది. తేమ కారే ఆ గుహలో ఏ పీపాకూ అంత దాహం ఉండదు. లోపలికి వెళ్ళినవాళ్ళకు అది తెలుస్తుంది. వెళ్ళనివాళ్ళకు ఎలా తెలుస్తుంది?

పదేళ్ళు నిండాయి. పీపాలు తెరిచి వైన్ రుచి చూసే సాన్ మార్తీనో పండగ మధ్యాహ్నం గుహల ముందు బల్లలు వేశారు. కాల్చిన చెస్ట్‌నట్లు, నూనెలో వేయించిన ఎండుమిరపకాయలు, గొర్రెపాల జున్ను. ఇంకొరొనాతా కానియో కొన్న నీలం శాలువా కప్పుకుని, పక్కన పెట్టి చూద్దామని నిరుటి తన లేత వైన్ తెచ్చుకుంది. సావినో లోపలి నుంచి కూజాతో వచ్చి ఆవిడకే మొదట పోశాడు.

"మా అన్న పేరు చెప్పుకుని తాగు వదినా!"

రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒకే ఊదారంగు. వెలుతురు తక్కువేమోనని ఎండలోకి ఎత్తి చూసింది. తర్వాత సావినో పోసినదాంట్లోంచి ఒక గుక్క తాగింది. అదే వగరు. వెనకాలే పొగ వాసన.

నిరుడు కోతలకు ముందు తోట పైన చెస్ట్‌నట్ అడవి తగలబడి గుత్తులకు పొగ పట్టింది.

"పదేళ్ళ కిందట అడవి కాలిందా, సావినో?"

"అదేంటి వదినా, పండగపూట..."

"కాలిందా లేదా?"

సావినో కూజా కింద పెట్టాడు. బల్ల చుట్టూ అందరూ గ్లాసుల్లోకి చూస్తున్నారు. చివరికి పక్కింటి ముసలి వితాంతోనియో గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారాలు పేకాటకి కూర్చునేవాళ్ళం కదమ్మా. సావినో ఆ పీపాలోంచే పోసేవాడు. మేమూ కాదన్లేదు."

"అందరూనా?"

"అందరం."

సావినో ఒక్కడే అయితే దొంగ అనుకుని ఊరుకునేది. కానీ వీళ్ళు కానియో శవపేటిక మోసినవాళ్ళు. రోజూ పొద్దున్నే గుమ్మం ముందు ఆగి, తోట ఎలా ఉందమ్మా అని అడిగేవాళ్ళు. ఇంతమంది కలిసి తనను మోసం చేశారు. ఆవిడకు ఒళ్ళంతా మండిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు.

చెయ్యి చాపింది. సావినో మెడలోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.

"నీ దగ్గర్నుంచి నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఒక్కటి చెప్పు. అంచున పెంకు రంగు తిరిగిందా?"

సావినో తల ఎత్తలేదు.

"తిరగలేదు వదినా. అంతదాకా మిగల్చలేదు."