కూపీ అక్క రెండూళ్ళ లెక్క

ఆఫీసులో అందరూ ఆమెను కూపీ అక్క అంటారు. జీతమెంత, ఇంటద్దె ఎంత, పిల్లల బడికి ఎంత కడుతున్నారు అని ఎదుటివాళ్ళ దగ్గర కూపీ లాగనిదే ఆమెకు అన్నం సహించదు. అందులో దురాలోచనేమీ లేదు. ముందు తన జీతం తనే చెప్పేస్తుంది. ఆ తర్వాత ఎదుటివాడు చెప్పక ఏం చేస్తాడు, మొహమాటానికైనా చెప్తాడు. ఉద్యోగం మారాలనుకున్న ఇంజనీరు ఎవరైనా సరే, రాజీనామా ఇచ్చేముందు ఆమె బల్ల దగ్గర ఓసారి నిలబడాల్సిందే. కోడ్ రాయడంలో ఆమె మరీ అంత గొప్పదేం కాదు. కానీ ఏ ఊళ్ళో ఎంత జీతానికి ఎంత మిగులుతుందో ఆమె చెప్పిందంటే ఇక తిరుగులేదు.

అలాంటి కూపీ అక్కకే పెద్ద ఊరినుంచి పిలుపొచ్చింది. జీతం ఇప్పటిదానికి ఒకటిన్నర రెట్లు. వారంలోగా ఏ సంగతో చెప్పమన్నారు.

ఆమె భర్తది వీధి మలుపులో కళ్ళజోళ్ళ కొట్టు. ఒంటిచేత్తో నిలబెట్టుకున్న కొట్టు. ఆ వీధిలో ఎవరి కంటికి ఏ అద్దమో ఆయనకు నోటికొచ్చు. ఊరు మారితే దాన్ని మూసేసి, కొత్తచోట ఎవరి కొట్లోనో జీతానికి కుదరాలి. పెద్ద జీతం సంగతెలా ఉన్నా ఆ ఒక్క విషయం ఆమె మనసును తొలిచేస్తోంది. ఆమె చెప్పిందంతా విని ఆయన తలెత్తకుండా, అద్దం తుడుస్తూనే, "నీ ఇష్టం. వెళ్ళి చూసిరా" అన్నాడు. ఆ మాటలో కోపముందో బెంగ ఉందో ఆమెకు అంతుపట్టలేదు. అంతుపట్టకపోతే అడగొచ్చు కదా అని మీరంటారు. నేనూ అదే అంటాను. ఆవిడ మాత్రం బస్సెక్కింది.

పెద్ద ఊళ్ళో రెండురోజులు ఆమె ఎవర్నీ వదల్లేదు. మంగలి కొట్టు గుమ్మంలో నిలబడి, క్షవరానికెంత అని అడిగింది. బస్సులో పక్కనున్నావిడను ఇంటికెళ్ళేసరికి ఎంతసేపవుతుందని అడిగింది. కూరగాయలమ్మే ఆయనైతే విసిగిపోయి, "ఏమ్మా, కొంటావా, ఊరికే వాకబు చేస్తావా?" అనేశాడు. ఆయన బాధ చూడలేక కిలో టమాటాలు కొని, వాటిని ఏం చేయాలో తోచక చేతిసంచిలో వేసుకుని తిరిగింది.

ఆ సంచితోనే ఒక అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళింది. ఖాళీ చేస్తున్నావిడ కూడా సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. గదినిండా అట్టపెట్టెలు. ఎక్కడికి మారుతున్నారని అడిగితే, ఆవిడ తిరిగి వెళ్తున్నది కూపీ అక్క వాళ్ళ ఊరికే! ఇక చూసుకోండి, ఇద్దరూ చెరో పెట్టె మీద కూర్చుని గుక్కతిప్పుకోకుండా ప్రశ్నలు.

"వచ్చేటప్పుడు జీతం చూసి కళ్ళు జిగేల్మన్నాయండీ. ఇంటద్దె, బడి ఫీజు, తిరుగుడు ఖర్చు తీసేస్తే చివరికి అక్కడెంత మిగిలేదో ఇక్కడా అంతే" అందావిడ. తర్వాత మామూలుగా, "ఇంతకీ మీవారేమన్నారు?" అంది.

"నా ఇష్టమన్నారు."

"అంటే?"

అడగడమే తప్ప అడిగించుకోవడం అలవాటులేని కూపీ అక్క సంచిలో టమాటాలు సర్దడం మొదలుపెట్టింది.

"మా ఆయనా అదే మాటన్నాడండీ. అది ఒప్పుకోవడం కాదని ఇక్కడికొచ్చాక గానీ తెలిసిరాలేదు" అంటూ ఆవిడ పెట్టెకు టేపు అంటించింది.

తిరుగుబస్సులోనే లెక్క తేలిపోయింది. వెళ్ళి బావుకునేదేమీ లేదు. మూయనక్కరలేని కొట్టును మూయించడం ఎందుకు? ఆమెకు ప్రాణం తేలికపడింది. బస్సు దిగి, ఇంటికైనా వెళ్ళకుండా తిన్నగా కొట్టుకు వెళ్ళి, కళ్ళు పరీక్ష చేయించుకునేవాళ్ళ కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, మనం వెళ్ళట్లేదు. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆయన ముఖం వెలుగుతుందనుకుంది. అద్దం తుడిచే చెయ్యి మాత్రం ఒక్కక్షణం ఆగింది. "అలాగే. నీ ఇష్టం" అన్నాడు.

మళ్ళీ అదే మాట, అదే గొంతు! ఆమెకు ఒళ్ళు మండింది. "ఎంతసేపూ నా ఇష్టమేనా? మీకేం కావాలో చెప్పరేం?"

"నువ్వెప్పుడడిగావు?" అన్నాడాయన నెమ్మదిగా. "నాకు వెళ్ళాలనుందే."

"మరి కొట్టో?"

"ఈ కొట్లో కూర్చుని ఊరందరి కళ్ళూ చూశాను. వాళ్ళు ఎక్కడెక్కడో తిరిగొచ్చి చెప్పే కబుర్లన్నీ విన్నాను. నేనేం చూశాను చెప్పు? వెళ్దామని నేనే అంటే, పెళ్ళాం జీతం చూసుకుని కొట్టు కట్టేశాడంటారని నోరు మెదపలేదు."

"అక్కడ చిల్లిగవ్వ కూడా ఎక్కువ మిగలదండీ."

"తగ్గదు కదా?"

"తగ్గదు."

"మరింకేం? ఆ ఇంటి కిటికీ ఎటువైపుంది? వీధి కనిపిస్తుందా? సాయంత్రాలు జనం ఎక్కడికెళ్ళి కూర్చుంటారు? ఊళ్ళో నది ఉందన్నారు, నీళ్ళున్నాయా?"

ఊరంతా జల్లెడ పట్టి వచ్చిన మనిషి ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయింది. ఆ ఇంటికి కిటికీలెన్నో కూడా చూడలేదు. ఆమెకు సిగ్గేసింది. ఇన్నేళ్ళు పక్కనే ఉన్న మనిషి ఇన్ని ప్రశ్నలు కడుపులో దాచుకున్నాడని తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పమిటతో తుడుచుకుని, ఆ ఇల్లు ఖాళీ చేస్తున్నావిడకు ఫోను చేసింది.

"ఇల్లింకా ఉందాండీ?"

"ఉంది గానీ అద్దె తగ్గదండీ, ముందే చెప్పాను కదా" అంది అవతలావిడ.

"అద్దె సంగతి వదిలేయండి. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో కాస్త చూసి చెప్తారా?"

ఆయన అద్దాన్నీ గుడ్డనూ బల్లమీద పెట్టేసి, కుర్చీ పక్కకొచ్చి ఫోనుకు చెవి ఆనించాడు.