మ్యూజియంలో మా చిన్నాయన

మా చిన్నమ్మ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట పడుతూ వచ్చింది. "నువ్వు రాకపోతే నీ మొగడు ఎక్కడుండెటోడో." కూరగాయలు బేరం చేస్తుంటే ఆ మాటే. పెళ్ళికి పోయి బంతిలో కూర్చుంటే ఆ మాటే. తిట్టినట్టు కూడా అనరు. పాపం నువ్వేం చేస్తావులే అన్నట్టు, పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ అంటారు.

సంగతేమిటంటే, మా చిన్నాయన పెళ్ళికి ముందు గిటారు వాయించేవాడు. వరంగల్ మొత్తంలో గిటారు మెడలో వేసుకుని, ఒక కాలు ఆడిస్తూ రాకెన్ రోల్ పాడిన మొదటి మనిషి ఆయనేనట. కాజీపేట రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు. వాళ్ళింటికి మా దుకాణం నుంచి ఇత్తడి గిన్నెలు ఇచ్చి రమ్మని మా తాత పంపిస్తే, గిన్నెలతోపాటు ఈయన కూడా అక్కడే ఉండిపోయాడు. చీకటి పడ్డాక వెతుక్కుంటూ పోతే, గార్డు వాయిస్తుంటే నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడట. ఆ తర్వాత వినాయకుడి మండపాల్లో భజన అయిపోగానే మా చిన్నాయన ఎక్కేవాడు. రాకెన్ రోల్ అని మా బజారులో ఎవరికీ నోరు తిరగక, ఊగుడు పాటలు అనేవాళ్ళు. ముసలివాళ్ళు చెవులు మూసుకుని, కళ్ళు మాత్రం బాగా తెరుచుకుని చూసేవాళ్ళట.

పెళ్ళయింది, గిటారు బీరువా మీదికెక్కింది. మా చిన్నమ్మ వాళ్ళ నాన్నది కేసముద్రంలో ధాన్యం వ్యాపారం. ఆ గిటారు డబ్బా ఆగితేనే పెండ్లి అని ఆయన మాట తీసుకున్నాడని ఊరంతా చెప్పుకుంది. నిజమా అని అడుగుదామంటే పెళ్ళయిన మరుసటేడే ఆయన పోయాడు. చిన్నాయనను అడిగితే, "ఇప్పుడదంత ఎందుకే" అని గల్లాపెట్టె వైపు తిరుగుతాడు. పైగా చిన్నమ్మ ఆ పాట ఒక్కసారి కూడా వినలేదు.

"ఇగో పిల్లా," అనేది నాతో, స్టీలు చెంబులు తుడుస్తూ, "నేనేదో కొంప ముంచిన అంటరు గదా. ముంచిన కొంప ఎట్లుండెనో నేనొకసారి సూడొద్దా?"

నేను టెన్త్ తప్పి వాళ్ళ స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుంటున్న రోజులవి. అప్పటికి టీవీ మా గల్లీలో రెండిళ్ళలోనే ఉంది. ఒకరోజు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సారు ఒకాయన దుకాణంలోకి వచ్చాడు. బిందె కోసమేమో అనుకుని నేను నాలుగు రకాలు దించాను. ఆయన బిందెల వంక చూడలేదు. చిన్నాయన చేతులు రెండూ పట్టుకుని, "అన్నా, నా చిన్నప్పుడు నీ పాటకు ఎగిరి ఎగిరి కాలు బెణికింది. ఇప్పటికీ చలికాలం నొస్తది" అన్నాడు. విషయం ఏమిటంటే, మ్యూజియంలో కొత్త హాలు కట్టారు. పైనుంచి స్థానిక కళాకారులను గౌరవించమని చెప్పారట. ఈయన మా చిన్నాయన పేరు చెప్పాడు. సన్మానం చేస్తారు, గిటారును మ్యూజియంలో పెడతారు, ఆఖర్న చిన్నాయన ఒక పాట పాడాలి.

"మ్యూజియంల పెడుతరంటే సచ్చిపొయినోళ్ళయి గదా," అంది చిన్నమ్మ.

"లేదు వదినా, గొప్పోళ్ళయి గూడ పెడుతరు."

వారం తిరిగేసరికి కార్డు అచ్చయింది. అందులో మా చిన్నాయనను ఓరుగల్లు రాకెన్ రోల్ పితామహుడు అన్నారు. దాన్ని నేను గట్టిగా చదివితే చిన్నమ్మ, "మనుమడు లేకుంటనే తాతను చేసిండ్లు" అంది. కానీ ఆ కార్డును తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టింది.

చిన్నాయన సికింద్రాబాద్ పోయి కొత్త తీగలు తెచ్చుకున్నాడు. దుకాణం వెనక గోదాములో తలుపు వేసుకుని సాధన చేసేవాడు. గిన్నెల మధ్య వాయిస్తుంటే గిన్నెలన్నీ గుయ్‌మనేవి, పాట మాత్రం ఏమీ తెలిసేది కాదు. చిన్నమ్మ తలుపు దగ్గరికి పోయేసరికి ఆపేసేవాడు.

"జర వాయించరాదు, నేను గూడ వింట."

"ఆన్నే, మ్యూజియంల విందువు తియ్."

"పాట పాడినంకనే ఆ డబ్బ వాళ్ళకియ్యి మళ్ళ."

"పాట ఏడికి బోతది?"

ఆ రోజు ముగ్గురం ఒకే రిక్షాలో హన్మకొండ పోయాం. చిన్నమ్మ తన పెళ్ళినాటి పట్టుచీర కట్టింది. అది నడుము దగ్గర పట్టనంటోంది, ఈమె పట్టిస్తానంటోంది. గిటారు నా ఒళ్ళో ఉంది. మ్యూజియంలోకి అంతకుముందు మేమెవరం పోలేదు. ఊళ్ళో ఉన్నదాన్ని చూడ్డానికి ఎవరు పోతారు. లోపల అన్నీ కాకతీయుల నాటి రాళ్ళు. ఒక దేవుడికి తల లేదు, ఒక దేవతకు చేతుల్లేవు, ఒక నందికి మూతి లేదు. చిన్నమ్మ అలవాటు కొద్దీ అందరికీ దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. కొత్త హాల్లో స్టేజీ పక్కన అద్దాల పెట్టె ఒకటి నిలబెట్టారు, లోపల ఎర్ర గుడ్డ పరిచి. నేను చూసి, "మంచిగున్నది చిన్నమ్మ, మనూరి స్వీటు హోటల్ లెక్క" అన్నాను.

ముఖ్య అతిథి చాలా ఆలస్యంగా వచ్చాడు. జ్యోతి వెలిగించడానికి ఫ్యాను ఆపారు, మళ్ళీ వేశారు, జ్యోతి ఆరింది, మళ్ళీ ఆపారు. స్కూలు పిల్లలు ప్రార్థన పాడారు. అది కాగానే మ్యూజియం ఆఫీసరు మైకు ముందుకు వచ్చాడు. బదిలీ మీద కొత్తగా వచ్చినాయన, ఇస్త్రీ చేసిన మనిషిలా ఉన్నాడు. "ముందుగా వాద్య సమర్పణ" అన్నాడు. చిన్నాయన గిటారు ఇచ్చాడు. ఆఫీసరు రెండు చేతులతో తీసుకుని అద్దాల పెట్టెలో పెట్టి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చిన్నమ్మ కొట్టలేదు.

"ముందుగాలనే ఇచ్చిండేందే," అంది నా చెవిలో.

"మళ్ళ తీసిస్తరు తియ్ చిన్నమ్మ."

తర్వాత ఉపన్యాసాలు. ఒకాయన కాకతీయుల దగ్గర మొదలుపెట్టాడు, నిజాం నవాబు దాకా వచ్చేసరికి నాకు ఒక కునుకు అయింది. ఇంగ్లీషు సారు చిన్నాయన ఉచ్చారణను తెగ మెచ్చుకున్నాడు. మా చిన్నాయనకు రైలు టికెట్టు మీద ఉన్న ఇంగ్లీషు కూడా రాదు. మాట్లాడిన ప్రతివాడూ దిగేముందు ఒక దండ వేసి దిగాడు. శాలువా మీద దండలు, దండల మీద దండలు. ఆఖరికి ముక్కూ కళ్ళజోడూ మాత్రం కనిపిస్తున్నాయి.

అప్పుడు ఇంగ్లీషు సారు లేచి, "ఇగ మనందరం ఎదురుచూస్తున్న పాట" అన్నాడు.

చిన్నాయన లేచాడు. చేతులు చాచాడు. చేతిలో ఏమీ లేదు. అందరూ అద్దాల పెట్టె వంక చూశారు.

ఆఫీసరు నెమ్మదిగా మైకు దగ్గరికి వచ్చి, "వాద్యం ఇప్పుడు ప్రదర్శనలో ఉన్న వస్తువు. ప్రదర్శనలో పెట్టిన వస్తువును ముట్టుకోవాలంటే హైదరాబాదు నుంచి అనుమతి రావాలి" అన్నాడు.

"మరి పాటెట్ల సార్?" అన్నాడు ఇంగ్లీషు సారు.

"కార్యక్రమంలో పాడతారు అనే ఉంది కదండీ. వాయిస్తారని లేదు. పాడమనండి."

వెనకనుంచి ఎవరో, "పెండ్లికొడుకును పిల్వకుంట లగ్గం చేస్తాండ్లు" అన్నారు. హాలంతా నవ్వింది. చిన్నాయన దండల్లోంచి, "పోనియ్ తమ్మీ, గొంతు గూడ బాగలేదు" అని కూర్చున్నాడు. చూస్తే ఆయన ముఖంలో బాధ లేదు. పరీక్ష వాయిదా పడిందని తెలిసిన పిల్లవాడిలా ఉన్నాడు. ఆ ముఖం నాకు బాగా తెలుసు.

చిన్నమ్మ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇగ అది తాళం లోపల్నే ఉంటది. నేను సచ్చేదాంక ఆ మాట పడుడే ఉంటది. ఏం పోయిందో తెల్వకుంటనే పడాలె."

 

అందరూ లేవబోతుంటే చెమటలు కక్కుతూ పేపరు ఫోటోగ్రాఫర్ వచ్చాడు. పరకాల నుంచి స్కూటర్ మీద వస్తుంటే దారిలో పంక్చరు అయిందట. ముఖ్య అతిథి లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. ఆఫీసరు జేబులోంచి దువ్వెన తీశాడు.

"గిటారు ఇచ్చేది ఒక్కటి గావాలె సార్," అన్నాడు ఫోటోగ్రాఫర్. "అది లేకుంటె పేపర్ల ఎయ్యరు."

"మళ్ళీ ఇప్పిద్దాం. దానికేముంది?" అని ఆఫీసరు తాళంచెవి తీశాడు. హైదరాబాదు అనుమతి ఎటు పోయిందో తెలియదు. తాళం తెరిచి, గిటారు తెచ్చి చిన్నాయన చేతిలో పెట్టాడు. "ఇప్పుడు నాకు ఇస్తున్నట్టు పట్టుకోండి. ఇటు చూడండి."

చిన్నమ్మ నా చెయ్యి వదిలేసింది. స్టేజీ మెట్లు ఎక్కుతూ ఉంది. దుకాణంలో ఆడవాళ్ళతో తప్ప మాట్లాడని మనిషి. చీర ఒక చేత్తో పట్టుకుని పోయి, ఆఫీసరుకూ చిన్నాయనకూ మధ్య నిలబడింది.

"ఆగు సారు. ఇప్పుడది ఎవల చేతుల ఉన్నది?"

"మీవారి చేతిలో ఉందమ్మా. ఫోటో కోసం."

"మీకు ఇచ్చిండా?"

"ఇంకా ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తారు."

"అయితె ఇయ్యనిదాంక ఆయనదే గదా. ఒక పాట వాయించి ఇస్తడు."

"అమ్మా, నిబంధనలు."

"నిబంధనలు అద్దాల లోపల గదా సారు. ఇది బయట ఉన్నది."

ఆఫీసరు ఫోటోగ్రాఫర్ వంక చూశాడు. ఫోటోగ్రాఫర్ తన కెమెరా డబ్బా తడుముకుంటూ, "ఫ్లాషుకు కరెంటు ఎక్కాలె సార్. జర టైం పడుతది" అన్నాడు. అది నిజమో, వాడికి కూడా పాట వినాలని ఉందో నాకు తెలియదు. హాల్లోంచి పాట, పాట అని కేకలు మొదలయ్యాయి.

చిన్నాయన గొణిగాడు. "ఎందుకే, అందరి ముందట?"

"ఊకో. దండలు తియ్యి."

ఒక్కొక్క దండా తీసి తన చేతికి వేసుకుంది. చూస్తే పూలమ్ముకునే మనిషిలా ఉంది. శాలువా తీసి భుజాన వేసుకుంది. అక్కడే, మైకు పక్కనే నిలబడింది. కిందికి దిగలేదు.

చిన్నాయన తీగలు బిగించాడు. మొదట వచ్చిన చప్పుడుకు నా పక్కనున్నామె, "పిల్లి" అంది. రెండోసారి కూడా అంతే. తర్వాత ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాలు కదిలింది. ఆ కాలు మా దుకాణంలో నేను రోజూ చూసే కాలే. ఎక్కువసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుందని సాగదీసి తిట్టుకునే కాలు. అది చెప్పులోంచి బయటికి వచ్చి ఎగురుతోంది. వేళ్ళు గబగబా పరిగెత్తాయి. గొంతు ఎత్తేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ మాటలు ఏ దేశపు ఇంగ్లీషో దేవుడికే తెలియాలి. ఒకటే చరణం వచ్చు, దాన్నే తిప్పి తిప్పి పాడాడు. మా పక్క దుకాణం బట్టల సేటు, మోకాళ్ళ నొప్పులని దవాఖానాల చుట్టూ తిరిగే మనిషి, లేచి గుమ్మం దగ్గరి తల లేని దేవుడి ముందు ఊగాడు. ముఖ్య అతిథి బోడి తల ఊగింది. ఆఫీసరు ఒక్కడే పెట్టె మీద చెయ్యి వేసుకుని కాపలా ఉన్నాడు. ఆ చేతి వేళ్ళు అద్దం మీద తాళం వేస్తున్నాయి.

బాగుంది. అదే వచ్చిన తంటా. బాగా లేకపోతే చిన్నమ్మ ఇంటికి పోయి హాయిగా నవ్వుకునేది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. దండలు పట్టుకుని, ఆయన వేళ్ళ వంక చూస్తూ, కన్నార్పకుండా నిలబడింది. పాట అయ్యాక అందరూ చప్పట్లు కొడుతుంటే దండలు కుర్చీలో పెట్టేసి దిగి వచ్చింది.

ఫోటో తీశారు, గిటారు మళ్ళీ పెట్టెలోకి పోయింది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ ముగ్గురం ఒకే రిక్షా ఎక్కాం. చిన్నాయన కాలు ఇంకా కొంచెం కొంచెం ఆడుతోంది. చిన్నమ్మ మెల్లగా అడిగింది.

"ఇంత మంచిగ వాయించెటోనివి. మా నాయన ఎట్ల అన్నడు, ఆపుమని?"

చిన్నాయన కాలు ఆగిపోయింది.

"చెప్పు. నోట్లె ఉసిరికాయ ఉన్నదా?"

"అన్లేదు."

"ఏందీ?"

"మీ నాయన ఏమన్లేదు. సంబంధం మాట్లాడనీకి మా ఇంటికొచ్చిన నాడు వాయించమన్నడు. వాయించిన. మంచిగున్నది అన్నడు. ఇంకోటి గూడ పాడమన్నడు."

చిన్నమ్మ ఆయన వైపు పూర్తిగా తిరిగింది. ఆ తిరగడానికి నేను రిక్షాలోంచి పడబోయాను.

"మరెందుకు ఆపినవ్?"

"నేనేడ ఆపిన? మన పెండ్లయిన ఏడు వినాయకుడి మండపానికి హైదరాబాదు నుంచి పెద్ద ఆర్కెస్ట్రా తెచ్చిండ్లు. డ్రమ్ములు, లైట్లు. నన్నెవ్వలు పిలువలే. బజార్ల ఒకడు, ఏందన్నా ఈసారి వాయిస్తలేవు అన్నడు. పిలువలేదని ఎట్ల చెప్పాలె? పెండ్లయింది గదరా అని చెప్పిన."

"గంతేనా?"

"గంతే. తతిమ్మ కథంత వాళ్ళే కట్టుకున్నరు."

"వాళ్ళు కడుతాంటె నువ్వు సూసుకుంట కూసున్నవ్."

రిక్షా తొక్కే ఆయన తొక్కుడు ఆపి వెనక్కి చూశాడు. "సేటూ, మంచి ఉపాయం. నాకెందుకు తట్టకపాయె?"

"నువ్వు ముందల సూసి తొక్కు," అంది చిన్నమ్మ. ఏడుస్తుందనుకున్నాను. ఆమె శాలువా మడతపెట్టి ఆయన ఒళ్ళో విసిరింది. "నన్నంటె అన్నవ్. మా నాయనను గూడ బద్నాం చేస్తివి. ఇంకోటి పాడమన్న మనిషిని."

మా గల్లీ మొదట్లో పాన్ డబ్బా ఉంది. దాని ముందు ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. మమ్మల్ని చూసి పాన్ డబ్బా ఆయన, "అన్నా, ఇరగదీసినవట. ఏం జేస్తం, పెండ్లి గాకుంటె బొంబాయిల ఉండెటోనివి" అన్నాడు. వార్త మాకంటే ముందే వచ్చేసింది. చివరి ముక్కతో సహా.

చిన్నమ్మ రిక్షా ఆపించింది.

"దిగు," అంది చిన్నాయనతో.

"ఏమే, ఇంట్లకు పోయి మాట్లాడుకుందం."

"రిక్షాల నాకు చెప్పినవ్. ఇప్పుడు ఈయనకు చెప్పు."

చిన్నాయన దిగాడు. గొంతు సవరించుకున్నాడు. మొదట నేల చూపులు చూస్తూ రెండు ముక్కల్లో చెప్పాడు. పాన్ డబ్బా ఆయన అర్థం కాక, "ఏందీ, ఎవలు పిలువలే?" అన్నాడు. మళ్ళీ చెప్పాడు. ఈసారి డ్రమ్ములు వచ్చాయి, లైట్లు వచ్చాయి. ఇంకో ఇద్దరు వచ్చి, "ఏమైంది?" అన్నారు. వాళ్ళకోసం మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పటికి హైదరాబాదు ఆర్కెస్ట్రాలో మనుషులు పెరిగారు, ఈయన ఒంటరివాడయ్యాడు, చేతులు గాలిలో గిటారు వాయిస్తున్నాయి. జనం అయ్యో అంటున్నారు.

చిన్నమ్మ రిక్షాలోంచే కేకేసింది. "మా నాయన ముచ్చట ఇడిసిపెట్టినవ్. అది గూడ చెప్పు."