పేపర్లో రాని నంబరు

మా చిన్నప్పుడు... పదో తరగతి ఫలితాలు పేపర్లో వచ్చేవి. మేళ్లచెరువులో మా వాడకట్టంతటికీ కలిపి పేపరు ఒక్కటే... టీ హోటల్లో. ఆ ఉదయం దాని మీద ఇరవై తలలు వంగి ఉన్నాయి. వాటి మధ్య దూరి మా రజిత అక్క నంబరు వెతికే పని నాది. నాకు తొమ్మిదేళ్లు. ఇంట్లో నా కళ్లే చురుకని నాయిన నమ్మకం.

ఫస్ట్ క్లాసులో చూశాను... లేదు. సెకండ్... థర్డ్... మళ్లీ మొదటి నుంచి. వేలికి సిరా అంటింది గానీ నంబరు దొరకలేదు.

"అక్కా... లేదు" అని ఇంటికొచ్చి చెప్పింది నేనే.

అక్క ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నానికి వాడంతా మా వాకిట్లోనే ఉంది. పక్కింటి సైదమ్మత్త, "పోనీ తియ్యి వదినె... ఆడపిల్లకు గింత సదువు సాలు. వానలు పడంగనే మాతోని నాట్లకు తోలు" అంది. నాకు కాలు నిలవలేదు... హోటలుకు ఇంకో మూడుసార్లు ఉరికి వెతికాను.

సాయంత్రం సిమెంటు లోడింగు పని నుంచి వచ్చిన నాయిన అంతా విని, "కోదాడల కంప్యూటర్ల సూపిస్తరంట. పొద్దుగాల పోదాం" అన్నాడు.

కోదాడ ఇంటర్నెట్ సెంటరు ముందు జనం... మా వంతు వచ్చేసరికి అక్క చేతిలో హాల్‌టికెట్టు చెమటకు తడిసింది.

"ఉండండమ్మా, నెట్ స్లోగా ఉంది" అన్నాడు సెంటరాయన.

పేజీ పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది... ముందు పేరు, తర్వాత తెలుగు, హిందీ... లెక్కల దగ్గర ఆగిపోయింది. నాయిన తెర మీదికి వంగాడు. చివరికి మిగతాదీ దిగింది.

"పాసమ్మా! ఫస్ట్ క్లాసు."

"ఇంకోసారి సూడన్నా" అంది అక్క.

కాగితం మీద అచ్చు తీయించుకుని ఇంటికొచ్చాం. సైదమ్మత్త దాన్ని అటూ ఇటూ తిప్పింది. "పేపర్ల లేంది దీంట్లకు యాడికెల్లి వచ్చింది? గా సెంటరు పిలగాడే కొట్టిచ్చిండేమో!"

నాయిన కోపంగా కాగితం లాక్కుని లోపల పెట్టాడు. ఇక బడికి మార్కుల మెమో వచ్చేదాకా వారం రోజులు... చదవడం రాని అమ్మ గంటకోసారి ఆ కాగితం తీసి చూసేది.

"నువ్వు సక్కగనే సూసినవా?" అని అక్క అడిగింది.

"సూసినక్కా... లేకుండె."

అయితే అబద్ధం చెప్పేది పేపరా, కంప్యూటరా... ఇద్దరికీ తెలియలేదు.

మెమో వచ్చింది. ఫస్ట్ క్లాసే! పేపర్లో ఒక వరుస అచ్చు కాలేదని బడిలో సారు చెప్పారు. సైదమ్మత్త గుప్పెడు చక్కెర తెచ్చి అక్క నోట్లో పోసి, "నోరు జారిన... బిడ్డా, నువ్వు సదువుకో" అని కళ్లు తుడుచుకుంది.

పదకొండేళ్ల తర్వాత మా తమ్ముడు పది పాసయ్యాడు. ఫలితం వాడి ఫోన్లోనే, నిమిషంలో తేలిపోయింది. బంధువులు, వాడకట్టువాళ్లు... అందరూ ఫోన్లోనే శుభాకాంక్షలు పంపారు. అప్పటికి టీచరైన అక్క ఆ రోజు సూర్యాపేట నుంచి వచ్చింది. వచ్చేవాళ్లకని చాయ్ పెట్టి, రెండుసార్లు వాకిట్లోకి వెళ్లి చూసింది...

ఎవరూ రాలేదు. మరిగి మరిగి చాయ్ చిక్కబడింది.

మీ పది ఫలితం మీ ఇంటికి ఎవరు మోసుకొచ్చారు? ఆ మనిషి గుర్తున్నారా...?