ఉప్పు వేసిన ఐసు

మే నెల మొదటి వారంలో సైటుకు చేరాను. బత్తలపల్లె దాటి పద్దెనిమిది కిలోమీటర్లు. ఉదయం తొమ్మిదిన్నరకే నలభై డిగ్రీలు. రాళ్లు, గుట్టలు, వేరుశనగ వేయక బీడుపడ్డ చేలు. వాటి నడుమ వరసలు కట్టిన సోలార్ పలకలు. నీడంటే ఆ పలకల కింద దొరికేదే.

సైన్యంలో పదిహేడేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇక్కడ నాకిచ్చింది ఒక రేకుల గది, మంచం, బీపీ మిషను, మాత్రల డబ్బాలు, ఒక వాకీటాకీ. క్యాంపులో మూడు వందల మంది కూలీలు. వాళ్లలో ఎవరికి ఏమైనా మొదట చూడాల్సింది నేను. పదకొండు వారాల కాంట్రాక్టు. మా ఊళ్లో అందరూ నన్ను సరిహద్దు కబుర్లు అడుగుతారు. నాకు నిద్ర పట్టనివ్వని డ్యూటీ మాత్రం ఇంటికి ఇంత దగ్గర చేసిన ఇదే.

మూడోరోజు మధ్యాహ్నం గేటు గార్డు పిలిచాడు.

"అన్నా, బీహారు మేస్త్రీ కూతురు పడిపోయింది. ఒళ్లు కాలిపోతాండాది. బిర్రున రా."

"ఎన్ని దినాల్నుంచి జ్వరం?"

"నెల దాటిందంటాండాడు."

గుడియా. ఐదేళ్లు. తూకం పదకొండు కిలోలు. చేతులు పుల్లలు, పొట్ట మాత్రం ముందుకు పొడుచుకొచ్చింది. ఎడమ పక్క నొక్కి చూశాను. ప్లీహం గట్టిగా, బొడ్డు దాకా దిగి ఉంది. మలేరియా మాత్రలు అప్పటికే రెండుసార్లు మింగించారట. నేను ఒకప్పుడు బీహార్‌లో రెండేళ్లు పోస్టింగు చేశాను. అక్కడి పల్లెల్లో ఇలాంటి పొట్టలు చూశాను. కాలా అజార్. దోమకన్నా చిన్న ఈగ కుట్టడం వల్ల వస్తుంది. వైద్యం చేయకపోతే ప్రాణం తీస్తుంది. మన వైపు ఆ జబ్బు లేదు. పిల్లతోపాటు వాళ్ల ఊరి నుంచి వచ్చింది.

జీపులో టౌనుకు తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరమ్మ వయసులో చిన్నది.

"ఈ కరువు నేలలో కాలా అజారా? యాడ చూసినావన్నా నువ్వు?"

"పిల్ల ఈడ పుట్టలేదు మేడం. వాళ్లది యా ఊరో అడగండి."

అడిగింది. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్ష చేసింది. పట్టీ మీద రెండు గీతలు తేలాయి, జబ్బు అదే. "నువ్వు చెప్పకపోతే టైఫాయిడ్ అనుకోని ఇంకో వారం పోగొట్టుకుంటా ఉంటిమి" అంది. దాచుకోవడమెందుకు, ఆ మాటకు నేను ఉబ్బిపోయాను.

వైద్యం చిన్నదే. పసుపు రంగు మందు, సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి ఎక్కిస్తారు. ఒకే రోజు, ఒకే డోసు. ఆ తూకానికి మూడు సీసాలు. చాలామంది పిల్లలు దాంతోనే లేచి తిరుగుతారు. కానీ ఆ మందు బెంగళూరు నుంచి రావాలి. మామూలు రకం ఇక్కడే దొరుకుతుంది గానీ, దాన్ని ఈ పిల్ల కిడ్నీలు తట్టుకోవు. ఒంట్లో రక్తం అడుగంటింది. ముక్కు నుంచి కారుతోంది. "రేపు సాయంత్రానికల్లా నా చేతిలో ఉండాల" అంది డాక్టరమ్మ. నేనే తెస్తానన్నాను.

తెల్లవారి ఐదుకు బయల్దేరాం. డ్రైవరు ధర్మవరం వాడు, మగ్గం అమ్మేసి స్టీరింగు పట్టినవాడు. పదకొండు ఇరవైకి బెంగళూరు మందుల డిపోలో పెట్టె అందుకున్నాను. థర్మోకోల్ పెట్టె, నాలుగు ఐస్ ప్యాకులు, ఒక థర్మామీటరు, మూడు సీసాలు. మూత మీద చీటీ: రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. దాని కింద ఇంకో వాక్యం: గడ్డకట్టనివ్వరాదు. రెండూ చదివాను. మొదటిదాన్ని ఆర్డరుగా తీసుకున్నాను. రెండోది చూసి నవ్వుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఎండకు మాడినవాళ్లం, చల్లదనం కూడా చెరుపు చేస్తుందంటే మాకు ఎక్కుతుందా?

పెనుకొండ దాటాక లారీ బోల్తాపడి రోడ్డు మూసుకుపోయింది. సమయం రెండు దాటి ఐదు నిమిషాలు. బయట నలభై మూడు. పెట్టెలో పదకొండు. ప్యాకులు నీళ్లయిపోయాయి.

"అన్నా, ఐసు పెట్టకుంటే మందు ఉడికిపోతాది" అన్నాడు డ్రైవరు.

రోడ్డు పక్కన కుల్ఫీ బండి ఉంది. ముసలి సాయిబు. సంగతి విని "పసిబిడ్డకా? ఉండప్పా" అంటూ తన ఐసంతా పగలగొట్టి సీసాల చుట్టూ కూరాడు. పైన రెండు గుప్పిళ్ల గల్లుప్పు పోశాడు.

"ఉప్పెయ్యకుంటే అర్ధగంటకే నీళ్లయితాది బేటా. ఉప్పేస్తే మాపటిదాకా రాయి మాదిరి ఉంటాది. దుడ్లొద్దు పో, బిడ్డ బాగుంటే చాలు."

మూత నొక్కి టేపు వేశాను. మళ్లీ తెరవలేదు, వేడి దూరుతుందని. రోడ్డు తెరుచుకునే దాకా పెట్టెను ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

ఐదు నలభైకి ఆసుపత్రి. డాక్టరమ్మ పెట్టె తెరిచింది. థర్మామీటరు సున్నాకు కింద ఆరు చూపించింది. సీసాలు గడ్డలైపోయాయి. ఒకదాన్ని గుప్పిట్లో పట్టుకుని కాసేపు కరిగించి వెలుతురుకు ఎత్తింది. లోపల మందు విరిగిన పాలలా పలుకులు పలుకులుగా ఉంది.

"ఒకసారి గడ్డకట్టినాక ఇది మందు కాదన్నా. ఎక్కించలేను. ఎవరు పెట్టినారు ఈ ఐసు?"

డ్రైవరు సాయిబు సంగతి ఎత్తబోయాడు. ఆగమన్నట్టు చూశాను. "నేనే" అన్నాను. ఉప్పు కలిస్తే ఐసు సున్నాకన్నా కిందికి దిగుతుంది, కుల్ఫీ గడ్డకట్టేది దాంతోనే; సాయిబుకు తెలిసింది కుల్ఫీ. చీటీ చదివినవాణ్ణి నేను.

డిపో పొద్దున గానీ తెరవరు. అప్పటికప్పుడు ఫోన్లు చేసి, తెరవగానే మందు బయల్దేరేట్టు చూశాం. డాక్టరమ్మ రక్తం ఎక్కిస్తూనే ఉంది. గుడియా ముక్కు నుంచి రక్తం ఆగలేదు. మర్నాడు పొద్దున పదకొండు పదికి పిల్ల పోయింది. రెండో పెట్టె ఒంటిగంటన్నరకు వచ్చింది. లోపల సరిగ్గా ఆరు డిగ్రీలు.

మందు వేళకు అందలేదని డాక్టరమ్మ మేస్త్రీకి చెప్పింది. ఎందుకు అందలేదో చెప్పాల్సింది నేను. చెప్పలేదు. పిరికితనం, ఇంకేం కాదు. యూనిఫాంలో ఉన్నప్పుడు ఇలాంటివాణ్ణి నేనే బూతులు తిట్టేవాణ్ణి.

మిగిలిన వారాలు పూర్తిచేశాను. వాకీటాకీ అప్పజెప్పి, సంతకం పెట్టి, బస్సెక్కి మా ఊరు శింగనమల వచ్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి రాయడం.

ఆసుపత్రి వరండా కళ్ల ముందు నుంచి పోదు. పిల్లను తెల్లగుడ్డలో చుట్టి బల్ల మీద పడుకోబెట్టారు. మేస్త్రీ నా దగ్గరికొచ్చాడు. తన బిడ్డ కోసం ఇంతగా పరుగెత్తినవాళ్లు సొంతవాళ్లలో కూడా లేరని హిందీలో అన్నాడు. వంగి రెండు చేతులతో నా కాళ్లు పట్టుకున్నాడు. నేను వెనక్కి తీసుకోలేదు.